ఒకే కంప్యూటర్‌లో ఎవరి అర వారిది

దాతలు కొనిచ్చిన కంప్యూటర్ ముందు ఒక్క రోజులో ఎంతమంది కూర్చుంటారో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. ఉదయం గుమాస్తా మెయిల్ చూసుకుంటారు. మధ్యాహ్నం కోశాధికారి గారు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుంటారు. సాయంత్రం బడి, కాలేజీ విడిచాక పిల్లలు వస్తారు. ఒకరికి స్కాలర్‌షిప్ దరఖాస్తు కావాలి, ఒకరికి హాల్ టికెట్, ఇంకొకరికి ఆధార్ కాపీ. కుర్చీ ఒకటే, కీబోర్డు ఒకటే, ఇంటర్నెట్ చూపించే బ్రౌజర్ కూడా ఒకటే.

ఇలా పంచుకోవడంలో తప్పేమీ లేదు. పదిమందికి పది కంప్యూటర్లు కొనగల స్థోమత ఏ సేవా సంస్థకూ ఉండదు, ఉన్నా కొనాల్సిన అవసరం లేదు. అయితే పంచుకునేది యంత్రాన్ని మాత్రమే. ఒకరి పాస్‌వర్డును, ఒకరి ఉత్తరాలను, ఒకరి సర్టిఫికెట్లను ఇంకొకరితో పంచుకోవడం లేదు కదా! ఈ రెండింటినీ వేరు చేసే ఏర్పాటు మనం ఎక్కువగా వాడే బ్రౌజర్లలో ఇప్పటికే ఉంది. దాని పేరు ప్రొఫైల్. దానికి రూపాయి కూడా ఖర్చు లేదు. పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అది ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎలా వాడాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. మీ దుకాణంలోనో, ఇంట్లోనో ఇద్దరు ముగ్గురు కలిసి వాడే కంప్యూటర్ ఉంటే ఇందులోని ప్రతి మాటా మీకూ పనికొస్తుంది.

బ్రౌజర్ ఏమేం గుర్తుపెట్టుకుంటుంది?

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వంటి వాటిని బ్రౌజర్లు అంటాం. మనం బ్రౌజర్‌ను కేవలం వెబ్‌సైట్లు చూపించే అద్దం అనుకుంటాం. నిజానికి అది రాసుకునే గుమాస్తా కూడా. నాలుగు రకాల విషయాలు అది తన దగ్గర దాచుకుంటుంది.

మొదటిది కుకీలు. వెబ్‌సైట్లకు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. మీరు ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళితే, ఇందాకటి మనిషే వచ్చాడని వాటికి తెలియదు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులీ అనే ఇంజనీరు కుకీ అనే చిన్న చీటీని కనిపెట్టాడు. మీరు లాగిన్ అయినప్పుడు వెబ్‌సైట్ ఒక చీటీ రాసి మీ బ్రౌజర్‌కు ఇస్తుంది. తర్వాత తెరిచే ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. ఆ చీటీ ఉన్నంతసేపూ మీరు లోపల ఉన్నట్టే లెక్క. కుర్చీలో మనిషి మారినా చీటీ మారదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రెండోది పాస్‌వర్డులు. "సేవ్ చేయమంటారా?" అని బ్రౌజర్ అడిగినప్పుడు చాలామంది చదవకుండానే సరే అంటారు. మూడోది ఫారాలలో మనం నింపిన పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. మళ్లీ అలాంటి గడి కనబడితే వాటిని తానే అందిస్తుంది. నాలుగోది హిస్టరీ, అంటే ఏ రోజు ఏ పేజీ చూశామన్న చిట్టా.

ఒక్కరే వాడే కంప్యూటర్‌లో ఇవన్నీ సౌకర్యాలే. పదిమంది వాడే కంప్యూటర్‌లో మాత్రం పదిమంది జ్ఞాపకాలూ ఒకే సంచిలో కలిసిపోతాయి.

కలిసిపోతే వచ్చే నష్టం

స్కాలర్‌షిప్‌ల కాలంలో పిల్లల పక్కన కూర్చుంటే ఈ నష్టం కళ్లకు కడుతుంది. ఒక అమ్మాయి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ తెరిచి తండ్రి పేరు గడిలో మొదటి అక్షరం కొడుతుంది. అంతకుముందు కూర్చున్న విద్యార్థి తండ్రి పేరు కింద ప్రత్యక్షమవుతుంది. "సార్, నేను రాయకముందే ఇంకెవరి పేరో వస్తోంది" అంటుంది. ఆ అమ్మాయి గమనించింది కాబట్టి సరిపోయింది. హడావుడిలో ఎంటర్ నొక్కి ఉంటే ఆ పేరే దరఖాస్తులోకి వెళ్లేది. ఫోన్ నంబరు గడిలో అలా జరిగితే ఓటీపీ ఎవరి ఫోన్‌కో పోతుంది. ఆధార్‌లో ఒక పేరు, దరఖాస్తులో ఇంకో పేరు ఉంటే పరిశీలనలో ఆగిపోతుంది. గడువు దాటాక తెలిస్తే ఆ ఏడాది డబ్బు ఆ బిడ్డకు అందకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి అయినా, తెలంగాణలో ఈపాస్ అయినా ఈ చిక్కు ఒకటే. తప్పు పోర్టల్‌ది కాదు, పిల్లలదీ కాదు. అందరి వివరాలూ కలగలిసిన బ్రౌజర్‌ది.

జీమెయిల్ మూయకుండా లేచి వెళితే జరిగేది ఇంకా పెద్దది. ఈ రోజుల్లో మెయిల్ అంటే ఉత్తరాల డబ్బా ఒక్కటే కాదు, మిగతా అన్ని ఖాతాలకూ తాళంచెవి. పాస్‌వర్డు మరిచిపోయామని నొక్కితే చాలా వెబ్‌సైట్లు కొత్త పాస్‌వర్డు పెట్టుకునే లింకును మెయిల్‌కే పంపుతాయి. కాబట్టి తెరిచి ఉన్న మెయిల్ ముందు కూర్చున్నవారు తలుచుకుంటే మిగతా తలుపులు కూడా తెరవగలరు. పిల్లలు చెడ్డవాళ్లని మా ఉద్దేశం కాదు. సరదాకి చేసిన పని కూడా ఒక అమ్మాయి ఫొటోనో, ఒక అబ్బాయి సర్టిఫికెట్‌నో బయటికి పంపవచ్చు. బయటికి పోయినదాన్ని వెనక్కి తేలేం.

ఇక మీకు సంబంధించిన సంగతి. తమ పేరు ఎక్కడా రాయవద్దని కోరి ఇచ్చే దాతలు మనలో ఎంతోమంది ఉన్నారు. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ ఇంటికి నెలనెలా సాయం వెళుతోంది, ఏ వితంతువుకు కుట్టు మిషన్ ఇచ్చాం వంటి వివరాలు సంస్థ మెయిల్‌లోనూ, ఆన్‌లైన్ షీట్లలోనూ ఉంటాయి. ఇచ్చినవారి గోప్యతా, తీసుకున్నవారి గౌరవమూ రెండూ మన దగ్గర ఉన్న అమానతు. పిల్లలు దరఖాస్తులు నింపే బ్రౌజర్‌లోనే ఆ మెయిల్ కూడా తెరిచి ఉంటే ఆ అమానతును నడివీధి అరుగు మీద పెట్టినట్టే.

ప్రొఫైల్ అంటే ఏమిటి?

స్కూలు స్టాఫ్ రూములో ఒక బీరువా ఉంటుంది. బీరువా ఒకటే గానీ లోపల అరలు వేరు. తెలుగు మాస్టారి అరలో ఆయన పుస్తకాలు, లెక్కల టీచర్ అరలో ఆమె జామెట్రీ పెట్టెలు. ఒకరి సుద్దముక్క ఇంకొకరి అరలోకి పోదు. బ్రౌజర్‌లో ప్రొఫైల్ అలాంటి అరే.

ఇది మాట వరసకు చెప్పే పోలిక కాదు. క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ చేస్తే కంప్యూటర్ డిస్కులో దానికోసం నిజంగానే ఒక కొత్త ఫోల్డరు తయారవుతుంది. మొదటి ప్రొఫైల్ ఫోల్డరు పేరు డిఫాల్ట్, తర్వాతివి ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని వరుసగా వస్తాయి. కుకీలు, పాస్‌వర్డులు, ఫారం వివరాలు, హిస్టరీ, బుక్‌మార్కులు అన్నీ ఏ ప్రొఫైల్‌వి ఆ ఫోల్డరులోనే ఉంటాయి. అందుకే కోశాధికారి ప్రొఫైల్‌లో బ్యాంకు తెరిచి ఉన్నా, పక్క ప్రొఫైల్‌లో అదే బ్యాంకు వెబ్‌సైట్ తెరిస్తే కొత్త మనిషి వచ్చినట్టు లాగిన్ అడుగుతుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒకే ప్రొఫైల్‌లో ఒక వెబ్‌సైట్‌లోకి సాధారణంగా ఒక్క లాగిన్ మాత్రమే నిలుస్తుంది. రెండో ఖాతాతో వెళితే మొదటిది పోతుంది. రెండు ప్రొఫైళ్లు ఉంటే రెండు ఖాతాలు పక్కపక్కనే తెరుచుకోవచ్చు. రెండు దుకాణాలకు రెండు జీఎస్టీ నంబర్లు ఉన్న వ్యాపారికీ, దుకాణం నంబరు, ఇంటి నంబరు రెండింటికీ వాట్సాప్ వెబ్ కావాలనుకునేవారికీ ఇది చాలా సుఖం.

ఎక్స్‌టెన్షన్లు అనే చిన్న అదనపు పనిముట్లు కూడా ఏ ప్రొఫైల్‌వి ఆ ప్రొఫైల్‌కే పరిమితం. పిల్లలు వీడియోల కోసమో, ఆటల కోసమో ఏదో ఒకటి తగిలిస్తారు. వాటిలో కొన్ని మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివే, మార్చే అనుమతి అడుగుతాయి. పిల్లల ప్రొఫైల్‌లో అలాంటిది ఉన్నా మీ బ్యాంకు పేజీ వేరే ప్రొఫైల్‌లో ఉంటే దానికి అది కనబడదు. డబ్బు వ్యవహారాలకు విడిగా ఒక ప్రొఫైల్ పెట్టి, అందులో ఏ ఎక్స్‌టెన్షనూ చేర్చకుండా ఉంచుకోమని ఇంటింటికీ చెప్పదగిన మాట.

పెట్టుకునే పద్ధతి

క్రోమ్‌లో పైన కుడి మూల గుండ్రటి బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఇప్పుడున్న ప్రొఫైళ్ల పేర్లు, కొత్తది చేర్చే వరుస, గెస్ట్ అనే వరుస వస్తాయి. వెర్షన్‌ను బట్టి మాటలు కొద్దిగా మారినా చోటు అదే. కొత్తది చేర్చమని నొక్కగానే గూగుల్ ఖాతాతో లాగిన్ అవుతారా, ఖాతా లేకుండానే కొనసాగుతారా అని అడుగుతుంది. ప్రొఫైల్‌కు గూగుల్ ఖాతా తప్పనిసరి కాదు. సంస్థ కంప్యూటర్‌లో ఖాతా లేకుండా కొనసాగడమే మంచిది. తర్వాత పేరు, రంగు ఎంచుకోమంటుంది. అక్కడే డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టే గడి ఉంటే టిక్ పెట్టండి. అంతటితో పని పూర్తి.

రంగును తేలిగ్గా తీసుకోవద్దు. ఆఫీసుకు ఆకుపచ్చ, ఖాతాలకు ఎరుపు, విద్యార్థులకు నీలం అని పెట్టుకుంటే, విండో పై అంచు చూడగానే ఏ అరలో ఉన్నామో తెలిసిపోతుంది. చదువు అంతగా రానివారు కూడా రంగును బట్టి గుర్తుపడతారు.

క్రోమ్ తెరవగానే ఎవరని అడిగే పేజీ రావాలంటే, ప్రొఫైళ్లన్నీ కనిపించే పేజీకి వెళ్లి, తెరిచినప్పుడల్లా ఇది చూపించమనే గడిలో టిక్ పెట్టాలి. ఇది ముఖ్యం. లేకపోతే చివరిసారి వాడినవారి ప్రొఫైలే మళ్లీ తెరుచుకోవచ్చు. తర్వాత వచ్చినవారు అది తమదే అనుకుని పని మొదలుపెడతారు.

మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే. పైన మూలన ఉన్న బొమ్మ నొక్కితే కొత్త ప్రొఫైల్, గెస్ట్ రెండూ కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే చిరునామా గడిలో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఇంగ్లీషు అక్షరాలలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. వచ్చిన పేజీలో కొత్త ప్రొఫైల్ తయారు చేసే బటన్ ఉంటుంది.

గెస్ట్ వేరు, ఇన్‌కాగ్నిటో వేరు

ఒక్కసారి వచ్చి పోయేవారందరికీ ప్రొఫైల్ చేస్తూ పోతే అరలు చాలవు. అలాంటివారికి గెస్ట్ విండో ఉంది. అది శుభ్రమైన ఖాళీ అర. లోపల ఎవరి పాస్‌వర్డులూ, ఎవరి చిరునామాలూ ఉండవు. గెస్ట్ విండోలన్నీ మూసేయగానే ఆ మనిషి హిస్టరీ, కుకీలు చెరిగిపోతాయి. తర్వాతివారికి మళ్లీ ఖాళీ అరే దొరుకుతుంది. స్కాలర్‌షిప్ నింపడానికి వచ్చే పిల్లలకు ఇదే సరైనది.

చాలామంది గెస్ట్‌నూ ఇన్‌కాగ్నిటోనూ ఒకటే అనుకుంటారు. రెండింటికీ తేడా ఉంది. ఇన్‌కాగ్నిటో అనేది ఇప్పటికే ఉన్న ఒక ప్రొఫైల్ లోపల తెరిచే తాత్కాలిక విండో. అందులో చూసినది హిస్టరీలోకి ఎక్కదు, నిజమే. కానీ ఆ ప్రొఫైల్ యజమాని బుక్‌మార్కులు కనబడతాయి, ఆయన దాచుకున్న పాస్‌వర్డులను బ్రౌజర్ అక్కడ కూడా అందించగలదు. కోశాధికారి ప్రొఫైల్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి విద్యార్థికి ఇవ్వడం అంటే, ఆయన అర ముందే చాప వేసి కూర్చోబెట్టడం. ఇతరులకు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ గెస్టే ఇవ్వాలి.

అర ఉంది, తాళం లేదు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. ప్రొఫైల్ వేరు చేస్తుంది కానీ తాళం వేయదు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా బొమ్మ నొక్కి ఇంకొకరి ప్రొఫైల్‌లోకి వెళ్లవచ్చు. దారిలో పాస్‌వర్డు అడగరు. నమ్మకం ఉన్నవారితోనే కంప్యూటర్ పంచుకోమని గూగుల్ కూడా తన సహాయ పేజీలో చెబుతుంది.

దాచిన పాస్‌వర్డును అక్షరాలుగా చూపించమంటే క్రోమ్ విండోస్ పిన్ అడుగుతుంది. ఆ పిన్ గదిలో అందరికీ తెలిసినదే అయితే అడిగి లాభం లేదు. పైగా పాస్‌వర్డును చూడకుండానే, బ్రౌజర్ నింపిపెట్టినదాన్ని నొక్కి లోపలికి పోవచ్చు.

మరి తాళం ఎక్కడుంది? విండోస్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ విభాగంలోకి వెళ్లి, ఇతర వినియోగదారులు అనే చోట కొత్త విండోస్ ఖాతా తయారు చేయవచ్చు. దానికి విడిగా పాస్‌వర్డు ఉంటుంది, విడిగా ఫైళ్లు, విడిగా బ్రౌజర్ ఉంటాయి. విద్యార్థుల ఖాతాను అడ్మినిస్ట్రేటర్‌గా కాక స్టాండర్డ్‌గా ఉంచితే, వారు ఆఫీసు ఫోల్డర్లు తెరవలేరు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. పరస్పరం నమ్మకం ఉండి, వివరాలు కలవకుండా ఉంటే చాలనుకునేవారికి ప్రొఫైల్ సరిపోతుంది. భార్యాభర్తలు, అన్నదమ్ములు, ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు ఈ కోవలోకి వస్తారు. ఎవరెవరు వచ్చి కూర్చుంటారో తెలియని చోట, డబ్బు లెక్కలూ ఇతరుల వివరాలూ ఉన్న చోట విండోస్ ఖాతాలే వేరుగా ఉండాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ కీ కలిపి నొక్కితే తెర తాళం పడుతుంది. ఒక్క సెకను పని.

డౌన్‌లోడ్ అయినవి ఎక్కడికి పోతాయి?

ఇది చాలామందికి తట్టని సంగతి. ప్రొఫైళ్లు వేరైనా, డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మామూలుగా ఒకే డౌన్‌లోడ్స్ ఫోల్డరులోకి పోతాయి. గెస్ట్ విండో మూసినా అవి చెరగవు. కాబట్టి విద్యార్థి తీసుకున్న ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ కాపీ అక్కడే పడి ఉంటాయి. తర్వాత వచ్చినవారు తమ ఫైలు వెతుక్కుంటూ వాటన్నిటినీ చూస్తారు.

ఇ-ఆధార్‌కు పాస్‌వర్డు ఉంది కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఆ పాస్‌వర్డు పేరులోని మొదటి 4 ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి 8 అక్షరాలు. పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడికి ఈ రెండూ తెలిసే ఉంటాయి. అందుకని ప్రింటు తీశాక ఫైలును తొలగించడమే మందు. షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. పూర్తి నంబరు అవసరం లేని చోట, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్డ్ ఆధార్ తీసుకుంటే ఇంకా క్షేమం. ఆఫీసు ప్రొఫైళ్లలో మాత్రం సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్స్ విభాగానికి వెళ్లి, ఒక్కో ప్రొఫైల్‌కు ఒక్కో ఫోల్డరు చూపించవచ్చు.

సింక్ సంగతి, తొలగించే సంగతి

ప్రొఫైల్‌లో గూగుల్ ఖాతాతో లాగిన్ అయి సింక్ పెట్టుకుంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఆ ఖాతాలో చేరి, అదే ఖాతా ఉన్న ఇంకో కంప్యూటర్‌లోనూ కనిపిస్తాయి. సొంత కంప్యూటర్‌లో ఇది వరం. కంప్యూటర్ పాడైపోయినా వివరాలు పోవు. పదిమంది వాడే చోట మాత్రం ఇదే ప్రమాదం. ఇంట్లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోకి వచ్చి చేరతాయి. కాబట్టి సింక్ ఇంట్లోనే ఉంచుకోవాలి. ఇంకో నియమం: ఒకరి ప్రొఫైల్‌లో ఇంకొకరి జీమెయిల్ ఎన్నడూ తెరవకూడదు. అరలు చేసి మళ్లీ వస్తువులు కలిపేస్తే అరల ప్రయోజనం ఏముంది?

ఎక్కడో తెరిచిన జీమెయిల్ మూశామో లేదో గుర్తులేకపోతే కంగారు వద్దు. ఫోన్‌లోనే గూగుల్ ఖాతా తెరిచి, భద్రత విభాగంలో మీ పరికరాలు అనే చోట చూస్తే ఏయే కంప్యూటర్లలో ఖాతా తెరిచి ఉందో కనిపిస్తుంది. కావలసినదాన్ని ఎంచుకుని సైన్ అవుట్ చేస్తే సరి.

పని అయిపోయిన ప్రొఫైల్‌ను తొలగించాలంటే, ప్రొఫైళ్ల పేజీలో ఆ పేరు మీద ఉన్న మూడు చుక్కలు నొక్కి డిలీట్ ఎంచుకోవాలి. ఆ ప్రొఫైల్ హిస్టరీ, పాస్‌వర్డులు, బుక్‌మార్కులు కంప్యూటర్‌లోంచి పోతాయి. జీమెయిల్ ఖాతా మాత్రం పోదు, అది ఎప్పటిలాగే ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు కూడా వాటంతట అవి పోవు, విడిగా తీసివేయాలి. ఉద్యోగం మానేసిన గుమాస్తా ప్రొఫైల్‌ను ఆ రోజే తొలగించడం ఇద్దరికీ మంచిది.

పిల్లల ఖాతా పిల్లలదే

ఇంతవరకు చెప్పినవి కంప్యూటర్ గురించి. ఇక మనుషుల గురించి ఒక మాట. చాలా చోట్ల పని త్వరగా అవుతుందని సహాయం చేసేవారు తమ మెయిల్, తమ ఫోన్ నంబరే పదిమంది పిల్లల దరఖాస్తుల్లో రాసేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ వచ్చే సంవత్సరం రెన్యూవల్‌కు ఓటీపీ ఆ ఫోన్‌కే పోతుంది. ఆయన ఊరు మారినా, నంబరు మార్చినా పిల్లలు తమ సొంత ఖాతాలోకే పోలేక నిలబడతారు. ఖాతా ఎప్పుడూ విద్యార్థి పేరు మీద, తల్లి లేదా తండ్రి ఫోన్ నంబరుతో ఉండాలి. పాస్‌వర్డు బ్రౌజర్‌లో కాదు, పిల్లల సొంత నోట్‌బుక్కులో రాసుకుని ఇంట్లో దాచుకోవాలి. 13 ఏళ్లు నిండని పిల్లలకు గూగుల్ ఖాతా తల్లిదండ్రుల పర్యవేక్షణలోనే తెరవాలి.

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా లెక్కిస్తుంది. వారి వివరాలు తీసుకునేవారు తల్లిదండ్రుల నుంచి లేదా సంరక్షకుల నుంచి నిర్ధారించుకోదగిన అనుమతి పొందాలని చెబుతుంది. మనకు చట్టం చెప్పాకే తెలియాలా? ఒకరి బిడ్డ వివరాలు మన చేతికి వచ్చాయంటే వాటిని మన బిడ్డ వివరాల్లాగే చూడాలన్నది పెద్దలు నేర్పిన మర్యాదే.

గోడ మీద అంటించదగిన నియమాలు

కంప్యూటర్ ఉన్న ప్రతి గదిలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి అంటించాలని మా సలహా.

1. ఆఫీసువారు ఆఫీసు ప్రొఫైల్‌లో, ఖాతాలు చూసేవారు ఖాతాల ప్రొఫైల్‌లో మాత్రమే పని చేయాలి.

2. విద్యార్థులు, వచ్చి పోయేవారు గెస్ట్ విండోలోనే పని చేయాలి.

3. పాస్‌వర్డు సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దు అనాలి.

4. ఫారం పంపే ముందు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఒకసారి పైకి చదువుకోవాలి.

5. లేచే ముందు లాగౌట్ అవ్వాలి, డౌన్‌లోడ్ ఫైళ్లు తొలగించాలి, విండో మూయాలి.

6. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు.

నెలకోసారి ఒక బాధ్యుడు డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఖాళీ చేసి, అక్కరలేని ప్రొఫైళ్లు తీసివేసి, రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెట్టాలి. హాజరు పట్టీ లేని తరగతి ఎలా సాగదో, చూసే మనిషి లేని కంప్యూటర్ గది కూడా అలాగే సాగదు. ఈ పనికి కంప్యూటర్ డిగ్రీలేవీ అక్కరలేదు. ఇంటర్ చదివే పిల్లవాడికి ఒకసారి చూపిస్తే తర్వాతివారికి తానే నేర్పుతాడు.

దాతలకు మా విన్నపం

కంప్యూటర్ ఇచ్చే ప్రతి దాత రసీదుతో పాటు రెండు ప్రశ్నలు అడగాలని మా కోరిక. దీన్ని ఎంతమంది వాడతారు? ఎవరి వివరాలు ఎవరికీ కనబడకుండా ఏం ఏర్పాటు చేశారు? ఈ ప్రశ్నలకు ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. బోరు వేయించినవారు నీళ్లు ఎవరికి అందుతున్నాయని అడగడం ఎంత సహజమో ఇదీ అంతే. అడిగే దాత ఉంటే నిర్వహించేవారికి శ్రద్ధ పెరుగుతుంది.

వీలైతే కంప్యూటర్‌తో పాటు ఒక సెలవు రోజు మధ్యాహ్నం కూడా ఇవ్వండి. మీ ఇంట్లో కాలేజీ చదివే అబ్బాయో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయో ఉంటే ఆ గదికి పంపండి. మూడు ప్రొఫైళ్లు పెట్టి, రంగులు వేసి, గెస్ట్ ఎలా తెరవాలో పదిమంది పిల్లలకు చూపించి వస్తే చాలు. ఆ మధ్యాహ్నం విలువ కంప్యూటర్ ధర కంటే తక్కువేమీ కాదు.

దరఖాస్తు నింపుకోవడానికి వచ్చే బిడ్డ తన పేదరికాన్ని కాగితాల రూపంలో చేతిలో పట్టుకుని వస్తుంది. ఆదాయ పత్రంలో తండ్రి సంపాదన ఉంటుంది, రేషన్ కార్డులో ఇంటి సంగతి ఉంటుంది. పని అయ్యాక ఆ కాగితాలన్నీ ఆమెతోనే తిరిగి వెళ్లాలి. వాటి నకళ్లు గానీ, జాడ గానీ మన కంప్యూటర్‌లో మిగలకూడదు. సాయం చేసిన చేతులు ఆ ఇంటి గుట్టును కూడా కాపాడాయని ఆ తల్లిదండ్రులకు నమ్మకం కలిగితే, వచ్చే ఏడాది చెల్లెల్ని కూడా ధైర్యంగా మన గదికి పంపుతారు.